క్రాకో: దక్షిణ ఇటలీ కొండ ఊరి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఇటలీ ఫొటోలు చూసే అలవాటున్నవారికి క్రాకో ఎక్కడో ఒకచోట ఎదురయ్యే ఉంటుంది. చెట్టూ చేమా లేని కొండకొమ్ము, దానినిండా ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు రాతి ఇళ్లు, అన్నిటికీ పైన ఒక నలుచదరపు బురుజు. కిటికీలకు రెక్కలు లేవు, చాలా ఇళ్లకు పైకప్పులు లేవు, వీధుల్లో మనిషి లేడు. ఆ ఫొటో కింద దయ్యాల ఊరనీ, కొండచరియ విరిగి ఖాళీ అయిందనీ రెండు ముక్కలు రాసి ఉంటాయి. ఆ రెండు ముక్కలతో ఊరికి అన్యాయమే జరుగుతోందని నా అభిప్రాయం. వెయ్యేళ్లకు పైగా బతికిన ఊరది. దాని మనుషులు ఇప్పటికీ ఉన్నారు. అందుకే పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి, ఓపికగా జవాబులు రాస్తున్నాను.

క్రాకో ఎక్కడ ఉంది?

ఇటలీ పటం బూటు ఆకారంలో ఉంటుందని చిన్నప్పుడే చదువుకున్నాం. ఆ బూటు మడమకూ మునివేళ్లకూ నడుమ పాదం ఒంపు తిరిగే చోట ఉన్న ప్రాంతం పేరు బాసిలికాటా. దీనికి లుకానియా అనే పాత పేరు కూడా ఉంది. మొత్తం విస్తీర్ణం సుమారు 10,000 చదరపు కిలోమీటర్లు. అందులో మైదానం 8 శాతమే, మిగిలినదంతా కొండలూ గుట్టలూ. ఈ ఒక్క అంకె గుర్తు పెట్టుకుంటే క్రాకో కథ సగం అర్థమైనట్టే.

క్రాకో ఈ ప్రాంతంలోని మాటేరా జిల్లాలో, అగ్రి, కవోనే అనే రెండు నదుల లోయల మధ్య ఉంది. ఊరి ఎత్తు సముద్ర మట్టానికి 391 మీటర్లు. తూర్పున తరంటో సింధుశాఖ సుమారు 40 కిలోమీటర్ల దూరం. రాతి గుహల ఇళ్లకు పేరుపడ్డ మాటేరా పట్టణం నుంచి ఇక్కడికి దాదాపు 50 కిలోమీటర్లు.

నీళ్లూ పొలాలూ కింద ఉంటే ఊరిని కొండ మీద ఎందుకు కట్టుకున్నారు?

అందరూ ముందు చెప్పే కారణం రక్షణ. అది నిజమే. సముద్రం మీదుగా దాడికి వచ్చేవారిని దూరం నుంచే కనిపెట్టవచ్చు, ఇరుకు దారిని కొద్దిమందితోనే కాపాడుకోవచ్చు. కానీ అంతకంటే పెద్ద శత్రువు ఒకటి ఉండేది, మలేరియా.

ఈ తీరంలో నదులు సముద్రంలో కలిసే ముందు నేల చదునై, నీరు నిలిచి, చిత్తడి మడుగులు ఏర్పడేవి. ఎండాకాలం వచ్చిందంటే అక్కడ నిద్రపోయినవారికి చలిజ్వరం తప్పేది కాదు. మడుగుల మీది చెడుగాలి వల్లే జ్వరం వస్తుందని జనం నమ్మేవారు. ఇటాలియన్ భాషలో 'మాలా ఆరియా' అంటే చెడుగాలి. మన పల్లెల్లో కూడా అందరి నోటా నలిగే మలేరియా అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. అది గాలి తప్పు కాదని, దోమ తప్పని తేల్చే దారిలో మొదటి పెద్ద అడుగు మన నేల మీదే పడింది. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మరుసటి ఏడాది ఇటలీలో జొవాన్ని బాత్తిస్తా గ్రస్సీ మనుషులకు ఆ జబ్బును అంటించేది అనాఫిలిస్ దోమ అని నిరూపించాడు. సికింద్రాబాద్‌లో దొరికిన సమాధానం బాసిలికాటా రైతు ప్రశ్నకు కూడా సమాధానమే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

కారణం తెలిసినంత మాత్రాన జ్వరం పోలేదు. 1900లో ఇటలీ ప్రభుత్వం క్వినైన్ మాత్రలను తానే సరఫరా చేసి, ఉప్పు, పొగాకు అమ్మే దుకాణాల్లో చవకగా అమ్మించడం మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ చల్లడం, మడుగులు ఎండగట్టడం పెద్ద ఎత్తున సాగాయి. ఇటలీ మలేరియా లేని దేశమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1970లో ప్రకటించింది.

అంతవరకూ ఈ కొండ ఊళ్ల రైతు బతుకు ఒకటే తీరు. చీకటి ఉండగానే లేచి, గాడిదను తోలుకుని, గంటల తరబడి నడిచి కింది పొలానికి వెళ్లాలి. సందెవేళ మళ్లీ అంత దూరమూ ఎక్కి ఇంటికి చేరాలి. మనకు పొలం పక్కనే ఊరు ఉండటం మామూలు విషయం. వాళ్లకు పొలం పక్కన పడుకోవడమంటే జ్వరాన్ని పిలిచి తెచ్చుకోవడమే.

ఫొటోల్లో ఊరి చుట్టూ కనిపించే బూడిదరంగు మట్టి గట్లు ఏమిటి?

వాటిని అక్కడ 'కలాంకి' అంటారు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి, నేల పైకి లేచినప్పుడు కొండలై నిలిచింది. వాన నీరు దాన్ని కోసుకుంటూ పోయి, దువ్వెన పళ్లలా సన్నటి గట్లూ లోతైన చాళ్లూ చేసింది. గట్టి వాన పడిన ప్రతిసారీ ఒక పొర కరిగి వాగులోకి పోతుంది. అందుకే దాని మీద చెట్టు నిలవదు.

ఈ మట్టి గుణం మనకు కొత్తేమీ కాదు. నల్లరేగడి చేలల్లో నడిచినవారందరికీ తెలుసు. వేసవిలో నేల నోరు తెరుస్తుంది, బీటలో చేయి పెడితే మణికట్టు దాకా పోతుంది. తొలకరి పడగానే అదే నేల ఉబ్బి, చెప్పుకు అరంగుళం మందాన అంటుకుంటుంది. రంగు వేరు, పుట్టుక వేరు, కానీ ఎండితే కుంచించుకుపోవడం, తడిస్తే ఉబ్బడం రెండింటికీ ఉన్న గుణమే. ఈ గుణమున్న నేల చదునుగా ఉంటే పంట పండుతుంది. ఏటవాలుగా ఉండి, దాని మీద ఊరు ఉంటే మాత్రం కష్టం. ఎండాకాలపు బీటల్లోంచి చలికాలపు వాన లోపలికి దిగుతుంది. తడిసిన పొర సబ్బులా జారుతుంది. దాని మీద ఉన్నదంతా దానితోపాటే జారుతుంది.

ఆ పేరు ఎలా వచ్చింది?

1060 నాటి పత్రంలో ఈ భూమి ట్రికారికో బిషప్ ఆర్నాల్డో అధీనంలో ఉన్నట్టు కనిపిస్తుంది. అందులో ఊరి పేరు గ్రాకులుం. లాటిన్‌లో దానికి 'దున్నిన చిన్న చేను' అని అర్థం చెబుతారు. గ్రాకులుం కాలక్రమంలో క్రాకో అయింది. ఊరివాళ్లను క్రకేసి అంటారు.

ఇంత బీడుగా కనిపించే చోటికి చేను పేరు ఏమిటని అడిగేవారున్నారు. ఫొటోలన్నీ ఎండాకాలంలో తీసినవి కావడం వల్ల వచ్చే అనుమానం అది. వసంతంలో ఇక్కడి వాలులు పచ్చటి గోధుమ చేలు. శతాబ్దాల పాటు ఈ ఊరిని పోషించింది గోధుమే.

ఊరు ఎంత పాతది?

ఇక్కడ బయటపడిన సమాధుల్లో కొన్ని క్రీస్తుపూర్వం 8వ శతాబ్దానివి. క్రీస్తుపూర్వం 540 ప్రాంతంలో తీరాన ఉన్న మెటాపొంటో అనే గ్రీకు వలస పట్టణం నుంచి కొందరు లోపలికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని చెబుతారు. ఇప్పుడు మనం చూస్తున్న ఊరి ఆకారం మాత్రం మధ్యయుగానిది.

ఆ బురుజు ఎవరు కట్టారు?

నార్మన్లు. ఉత్తర ఫ్రాన్స్ నుంచి కూలి సైనికులుగా వచ్చి, 11వ శతాబ్దంలో దక్షిణ ఇటలీని స్వాధీనం చేసుకున్నవారు. బాసిలికాటాలోనే ఉన్న మెల్ఫీ వాళ్ల తొలి రాజధాని. క్రాకో బురుజు పూర్తిగా కాపలా కోసం కట్టింది. నలుపక్కలా నిటారు గోడలు, చిన్న కిటికీలు, పైకి ఎక్కితే రెండు లోయలూ కంటి ముందే. 13వ శతాబ్దంలో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ కాలంలో క్రాకో సైనిక స్థావరంగా ఉండేది. ఉత్తరాది లొంబార్డ్ నగరాలతో ఆయన చేసిన యుద్ధాల్లో పట్టుబడినవారిని ఈ బురుజులో బంధించారు. ఊరి ఇళ్లన్నీ తర్వాత బురుజు కాళ్ల దగ్గర నుంచి వాలు వెంట కిందికి పెరుగుతూ వచ్చాయి.

1276లోనే ఇక్కడ విశ్వవిద్యాలయం ఉండేదట, నిజమేనా?

కాదు. ఈ పొరపాటు ఎన్నోచోట్ల అచ్చయింది కాబట్టి వివరంగా చెబుతాను.

మధ్యయుగపు దక్షిణ ఇటలీలో 'యూనివర్సితాస్' అంటే ఊరి పౌరులందరి సమాఖ్య. పన్నులు ఎంత కట్టాలి, మేత భూమి ఎవరెవరు వాడుకోవాలి, దొర దగ్గరికి ఊరి తరఫున ఎవరు వెళ్లి మాట్లాడాలి వంటివన్నీ అది చూసుకునేది. మన మాటల్లో చెప్పాలంటే పంచాయతీకి దగ్గర. చదువులకు సంబంధించిన అర్థం అదే మాటకు వేరే దారిలో వచ్చింది, అక్కడ అది గురువుల, విద్యార్థుల సమాఖ్య. ఎవరో పాత పత్రాల్లోని యూనివర్సితాస్‌ను విశ్వవిద్యాలయంగా అనువదించారు. తర్వాతివారు దాన్నే ఎత్తి రాశారు.

1277 నాటి లెక్కల్లో క్రాకో జనాభా 450. పసిపిల్లలతో సహా 450 మంది ఉన్న ఊళ్లో విశ్వవిద్యాలయం ఏమిటని ఒక్కరైనా ఆగి ఉంటే ఈ కథ ఇంత దూరం నడిచేది కాదు. అసలు విషయమే నాకు ఎక్కువ గౌరవం కలిగిస్తుంది. 450 మంది రైతులు దొర ముందు తమ తరఫున తామే మాట్లాడుకునే ఏర్పాటు అంత ముందే చేసుకున్నారు.

ఊరు ఎంత పెద్దదయింది? అక్కడ ఎలాంటి ఇళ్లు ఉండేవి?

1477లో 655 మంది, 1532లో 1,718 మంది, 1561లో 2,590 మంది. అదే అత్యధికం. తర్వాత చాలాకాలం 1,500 దగ్గర నిలిచింది. 1656లో నేపుల్స్ రాజ్యాన్ని ఊడ్చేసిన ప్లేగు ఈ ఊరినీ వదలలేదు. వందల మంది చనిపోయారు.

15వ, 16వ శతాబ్దాలు ఊరికి మంచి రోజులు. గోధుమ, నూనె, ద్రాక్షసారా మీద సంపాదించిన కుటుంబాలు పెద్ద మేడలు కట్టుకున్నాయి. మరోన్నా, గ్రొస్సీ, కార్బోనే, సిమోనెత్తీ అనే నాలుగు మేడలు ముఖ్యమైనవి. గ్రొస్సీ మేడ కమాను కప్పుల మీద పూల చిత్రాలు తునకలు తునకలుగా మిగిలాయి. పెద్ద చర్చి సెయింట్ నికొలస్ పేరు మీద ఉంది. ఊరి వెలుపల 1630 ప్రాంతంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు సెయింట్ పీటర్ మఠం కట్టారు. మేడలు లేనివాళ్ల ఇళ్లు ఒకటి రెండు గదులు. కింది ఇంటి కప్పు పక్కనే పై ఇంటి వాకిలి.

దోపిడీ ముఠాలు ఊరిని కొల్లగొట్టాయని విన్నాం. ఏమిటా కథ?

ఒకసారి కాదు, ఊరు రెండు మూడు సార్లు నలిగింది. 1799లో నేపుల్స్‌లో రాజును తరిమి గణతంత్రం ప్రకటించినప్పుడు క్రాకోలో కూడా కొందరు ఆ పక్షం చేరారు. నెలల్లోనే రాజపక్షం గెలిచింది. తర్వాత ఫ్రెంచివారు వచ్చారు. 1807 జులై 18న రాజపక్షపు ముఠాలు ఊరి మీద పడి, ఫ్రెంచివారికి అనుకూలంగా ఉన్న పెద్దలను చంపి ఇళ్లు దోచుకున్నాయి.

మూడోది 1861. ఇటలీ ఏకమైన ఏడాది అది. కొత్త రాజ్యం వస్తే భూమి దొరుకుతుందని ఎదురుచూసిన దక్షిణాది రైతుకు దక్కింది కొత్త పన్నులు, తప్పనిసరి సైనిక సేవ. అడవులు పట్టిన రైతు ముఠాలన్నిటిలో పెద్దది కార్మినే క్రోక్కోది. పేరు దగ్గరగా ఉన్నా అతనికీ క్రాకోకూ చుట్టరికం లేదు, అతనిది ఉత్తర బాసిలికాటాలోని రియోనేరో. ఆ శరదృతువులో స్పెయిన్ సేనాని హొసే బోర్హెస్‌తో కలిసి అతను ఒక్కో ఊరూ పట్టుకుంటూ వచ్చినప్పుడు క్రాకో కూడా లొంగిపోయింది. అతన్ని దొంగ అనాలా, తిరుగుబాటుదారు అనాలా అన్న చర్చ దక్షిణ ఇటలీలో ఇప్పటికీ తెగలేదు. రైతుల కోపానికి కారణం ఉందనే నేనంటాను. ఆ కోపం చాలాసార్లు తోటి పేదల మీదే పడిందన్నది కూడా అంతే నిజం.

క్రాకో వాళ్లు అమెరికా ఎందుకు వెళ్లారు?

ఆకలి. 1869 నుంచి ఇటలీ ప్రభుత్వం పిండి మర మీద పన్ను వేసింది. గోధుమ తెచ్చి మర పట్టించుకున్న ప్రతిసారీ పన్ను కట్టాలి. తినే రొట్టె మీదే పన్ను అన్నమాట. ఆ పన్ను పోయేసరికి 1884 వచ్చింది. ఈలోగా అడవులు నరికిన వాలులు మరింత కోతపడ్డాయి, భూమి కొద్దిమంది చేతుల్లోనే ఉంది.

1892 నుంచి 1922 వరకు 1,300 మందికి పైగా క్రకేసి ఉత్తర అమెరికా వెళ్లిపోయారు. అంత చిన్న ఊరి నుంచి అంతమంది అంటే, తలుపు తాళం పడని వీధి లేదన్నమాట. 1902లో ప్రధానమంత్రి జనార్దెల్లి బాసిలికాటా చూడటానికి వచ్చినప్పుడు మొలితెర్నో ఊరి మేయరు ఆయనకు స్వాగతం చెబుతూ, తన ఊరి ఎనిమిది వేల మంది తరఫున నమస్కరిస్తున్నానని, వారిలో మూడు వేల మంది అమెరికాలో ఉన్నారని, మిగిలిన అయిదు వేల మంది వారి వెనుకే వెళ్లడానికి సిద్ధమవుతున్నారని చెప్పాడు. ఆ పర్యటన తర్వాత 1904లో బాసిలికాటా కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. వలస మాత్రం ఆగలేదు. వెళ్లినవారి మనుమలూ మునిమనుమలూ అమెరికాలో సంఘం పెట్టుకుని ఊరి రికార్డులూ వంశవృక్షాలూ ఇప్పటికీ సేకరిస్తున్నారు.

1963లో అసలు ఏమి జరిగింది?

ఊరి పైభాగం, అంటే బురుజు ఉన్న కొమ్ము, గట్టి రాయి. కింది వాలులు బంకమట్టి. ఊరు పెరిగినకొద్దీ ఇళ్లు రాయి దాటి మట్టి మీదికి దిగాయి. ఆ మట్టి ఏనాడూ కదలకుండా లేదు. గోడకు బీట రావడం, దాన్ని పూడ్చుకోవడం అక్కడి సంసారాల్లో మామూలు పని.

20వ శతాబ్దంలో ఊరికి కుళాయి నీళ్లు వచ్చాయి, మురుగు గొట్టాలు వేశారు. ఎవరికైనా సంతోషించాల్సిన విషయమే. కానీ కదిలే నేలలో వేసిన గొట్టం పగలక మానదు. పగిలిన గొట్టం నుంచి నీరు బయటికి కనిపించకుండా మట్టిలోకే పోతుంది. ఏడాదిలో కొన్ని నెలలే తడిసే నేల పన్నెండు నెలలూ తడవడం మొదలుపెట్టింది. 1963లో పెద్ద జారుడు వచ్చి కింది వీధులను లాక్కుపోయింది. దానికి ఈ నీటి, మురుగు పనులే ప్రేరణ అయ్యాయని చెబుతారు. దాదాపు 1,800 మందిని లోయలోని క్రాకో పెస్కియేరాకు తరలించారు.

ప్రకృతి వైపరీత్యం అని ఒక్క మాటతో తేల్చేస్తే ఈ సంగతంతా మరుగున పడుతుంది. నేల స్వభావం ప్రకృతిది. ఆ నేలలోకి నిత్యం నీరు దింపింది మనుషుల పని. ఆ పని చేసినవారికి చెడు ఉద్దేశం లేదు, ఊరికి నీళ్లివ్వాలనే చేశారు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించే విషయం అదే.

ఊరు ఒక్క రాత్రిలో ఖాళీ అయిందా?

లేదు. 1963 తర్వాత కూడా కొందరు పై ఇళ్లు వదలలేదు. తిరిగి వెళ్లవచ్చన్న ఆశ కొన్నాళ్లు ఉండేది. 1972లో వచ్చిన వరద ఆ ఆశను చెరిపేసింది. 1980 నవంబరు 23న ఇర్పీనియా భూకంపం వచ్చింది. కంపానియా, బాసిలికాటా ప్రాంతాల్లో సుమారు 2,900 మంది చనిపోయిన ఆ భూకంపం తర్వాత పాత క్రాకో పూర్తిగా ఖాళీ అయింది. 1963 నుంచి 1980 అంటే పదిహేడేళ్లు. ఒక బిడ్డ పుట్టి పెద్దదయ్యేంత కాలం ఊరు ఖాళీ అవుతూనే ఉంది.

మరి బురుజు ఎలా నిలిచింది?

అది రాయి మీద ఉంది కాబట్టి. నార్మన్లు భూగర్భ శాస్త్రం చదివి కట్టలేదు, ఎత్తైన చోటు కావాలనుకున్నారు, అక్కడ రాయి ఉంది.

ప్రమాదం ముందే తెలియదా?

తెలుసు. పక్కనే ఉన్న పిస్తిచ్చి ఊళ్లో 1688 ఫిబ్రవరిలో మంచు కురుస్తున్న రాత్రి కొండచరియ విరిగి దాదాపు 400 మంది చనిపోయారు. మైదానంలోకి మారమని దొర చెప్పినా ఊరివాళ్లు ఒప్పుకోలేదు. విరిగిన చోటే తెల్లటి ఇళ్లు వరుసలుగా మళ్లీ కట్టుకున్నారు. ఆ పేటకు 'దిరూపో' అని పేరు, అంటే అగాధం. ఇప్పటికీ ఆ పేరే, ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు.

ప్రభుత్వానికి కూడా తెలియకపోలేదు. జారే నేల మీది ఊళ్లను గట్టి చేయడానికీ, కుదరకపోతే ప్రభుత్వ ఖర్చుతో తరలించడానికీ 1908లోనే బాసిలికాటా, కలాబ్రియాల కోసం చట్టం ఉంది. చట్టం ఉండటం వేరు, మనుషుల్ని వాళ్ల గడప నుంచి లేపడం వేరు. మలేరియా ఉన్న రోజుల్లో 'కిందికి దిగండి' అంటే 'జబ్బుపడండి' అన్నట్టే వినిపించి ఉంటుంది. కింది మైదానం నివాసయోగ్యమైంది 1950ల నాటికే. దోమ పోయింది, మడుగులు ఎండాయి, 1950 భూసంస్కరణ చట్టంతో మెటాపొంటో మైదానంలో రైతులకు కమతాలు దక్కాయి. తరతరాలుగా జనాన్ని కొండెక్కించిన కారణం తొలగిపోయిన పదేళ్లకే కొండ జారింది. ఈ రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చూడకపోతే క్రాకో చరిత్ర సగమే అర్థమవుతుంది.

క్రాకో పెస్కియేరా ఎలా ఉంటుంది? అక్కడ ఎవరున్నారు?

పెస్కియేరా అంటే చేపల కొలను అని అర్థం. తిన్నటి వీధులు, బడి, మునిసిపల్ కార్యాలయం, బార్ అనే కాఫీ కొట్టు. ఫొటోలు తీసుకోవడానికి ఎవరూ ఇక్కడ ఆగరు. మొత్తం క్రాకో మునిసిపాలిటీ జనాభా ఇప్పుడు వెయ్యి లోపే. తరలినవారంతా ఇక్కడే ఉండిపోలేదు. చాలామంది తీరం వైపు పట్టణాలకో, ఉత్తర ఇటలీ ఫ్యాక్టరీలకో వెళ్లారు.

క్రాకోను దయ్యాల ఊరు అనవచ్చా?

నేను అనను. పాడుబడ్డ ఊరి చోటును మనం పాటిదిబ్బ అంటాం. ఆ మాటలో భయం లేదు, ఒకప్పుడు ఇక్కడ మనుషులుండేవారన్న జ్ఞాపకం ఉంది. క్రాకోకు అలాంటి మాటే తగినది. పైన ఇల్లు వదిలి కింద ఉంటున్నవారికి తమ వంటగది గోడ ఇంకా కనిపిస్తూనే ఉంది. దాన్ని దయ్యాల కొంప అంటే వాళ్లకు ఎలా ఉంటుంది?

సాన్ విన్‌చెంజో ఎవరు?

ఊరు కొలిచే పునీతుడు. క్రైస్తవ సైనికులదిగా చెప్పే థీబన్ దళానికి చెందిన రోమన్ సైనికుడని, క్రైస్తవ విశ్వాసం వదులుకోనందుకు చంపబడ్డాడని నమ్మకం. భద్రపరచిన ఆయన దేహం శతాబ్దాలుగా క్రాకో వాళ్ల దగ్గరే ఉంది. ఊరు కిందికి దిగినప్పుడు పునీతుణ్ణి కూడా కిందికే, లోయలోని చిన్న కొత్త చర్చికి తెచ్చుకున్నారు. వాగు నీళ్లలో దొరికిందని చెప్పుకునే మేరీమాత విగ్రహాన్ని కూడా ఊరివాళ్లు కొలుస్తారు. మే నుంచి అక్టోబరు దాకా వచ్చే పండుగల్లో ఊరేగింపులు జరుగుతాయి. న్యూయార్క్‌లో స్థిరపడిన వలసదారులు అక్కడ కూడా సాన్ విన్‌చెంజో పేరిటే సంఘం పెట్టుకున్నారు.

ఏ సినిమాలు తీశారు?

చాలానే. 1979లో వచ్చిన 'క్రైస్ట్ స్టాప్డ్ ఎట్ ఎబోలీ' కోసం దర్శకుడు ఫ్రాంచెస్కో రోజీ ఇక్కడ కొన్ని దృశ్యాలు తీశాడు. ముస్సోలినీ ప్రభుత్వం 1935లో రచయిత, చిత్రకారుడు కార్లో లేవీని ఈ ప్రాంతపు అల్యానో ఊళ్లో నిర్బంధించిన కథ అది. 2004లో వచ్చిన ఏసు క్రీస్తు శ్రమల చిత్రంలో జూదా ఉరి దృశ్యం ఇక్కడిదే. 2008 జేమ్స్ బాండ్ చిత్రంలోనూ ఊరు కనిపిస్తుంది.

అక్కడ ఏమి తింటారు?

డ్యూరం గోధుమ రొట్టె, పాస్తా, ఆలివ్ నూనె, గొర్రె పాల జున్ను. వీటన్నిటికంటే తెలుగువారికి వెంటనే నచ్చేది 'పెపెరోనే క్రుస్కో'. బాసిలికాటాలో పండే పొడవాటి ఎర్ర మిరప అది, కారం ఉండదు. తొడిమల దగ్గర దారంతో గుచ్చి, దండలు కట్టి, గోడలకు వేలాడదీసి ఎండబెడతారు. గింజలు దులిపి, వేడి ఆలివ్ నూనెలో కొన్ని క్షణాలు మాత్రం వేసి తీస్తారు. ఒక్క క్షణం ఆలస్యమైతే చేదెక్కుతుంది. చల్లారాక కరకరలాడుతుంది. చల్ల మిరపకాయలు వేయించే చేతికి ఆ ఒడుపు కొత్తగా నేర్పక్కర్లేదు.

వెళ్లి చూడవచ్చా?

చూడవచ్చు, కానీ ఇష్టం వచ్చినట్టు తిరగడానికి వీల్లేదు. ఊరి చుట్టూ కంచె ఉంది. టికెట్ తీసుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని, గైడు వెంట నిర్ణీత మార్గంలోనే నడవాలి. పాత సెయింట్ పీటర్ మఠంలో చిన్న మ్యూజియం పెట్టారు. హైదరాబాద్ నుంచి వెళ్లేవారు రోమ్ మీదుగా బారీ విమానాశ్రయం చేరి, అక్కడి నుంచి మాటేరాకు వెళ్లి, మాటేరాలో బస చేసి, కారులో రావడం సులువు. బస్సులను నమ్ముకుంటే రోజంతా పోతుంది. జులై, ఆగస్టు వద్దు, నీడ దొరకదు. ఏప్రిల్, మే నెలల్లో గోధుమ పచ్చగా ఉంటుంది.

మళ్లీ అక్కడ ఎవరైనా కాపురం ఉండే అవకాశం ఉందా?

లేదు. ప్రపంచ స్మారక నిధి సంస్థ 2010లో క్రాకోను ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత జరిగే ప్రయత్నమంతా మిగిలిన గోడలు నిలబెట్టడం, వచ్చేవారికి దారి చూపించడం. కింది మట్టి ఇంకా కదులుతూనే ఉంది.

ఒక్క పూటే సమయం ఉంటే ఏమి చూడాలి?

ముందు పెస్కియేరాలో ఆగండి. బార్‌లో కాఫీ తాగండి, కొత్త చర్చిలో సాన్ విన్‌చెంజోను చూడండి. ఆ తర్వాత పైకి వెళ్లండి. బురుజు దగ్గర నిలబడి కిందికి చూస్తే ముందు కలాంకి గట్లు, వాటి అవతల గోధుమ చేలు, ఇంకా దిగువన మీరు కాఫీ తాగి వచ్చిన లోయ.